ఇంట్లో మొక్కలు – మన గుండె, మన ఊపిరితిత్తులు
(హౌరాలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని మన కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, "దేని మీద చెప్పమంటారు?" అని అడిగాను. "మా ఆవిడ ఇల్లంతా మొక్కలతో నింపేసిందండీ. ఆక్సిజన్ వస్తుంది, గుండెకి మంచిది, ఊపిరితిత్తులకి మంచిది అంటోంది. నిజమేనా కాదా, అది తేల్చండి చాలు" అన్నారాయన. ఆవిడ కూడా ముందు వరసలోనే కూర్చున్నారు. కాబట్టి నా పరిస్థితి మీరు అర్థం చేసుకోవాలి.

ముందుగా ఒక మాట. నేను డాక్టర్ని కాను. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి, 28 ఏళ్ళు పనిచేసి, సుబేదారుగా రిటైరయ్యాను. డాక్టర్లు చెప్పింది చెయ్యడం, పేషెంటు పక్కన రాత్రంతా కూర్చుని నాడి, బీపీ, శ్వాస రాసుకోవడం నా పని. ఆ రాసుకునే అలవాటు ఇప్పటికీ పోలేదు. ఎవరైనా ఇది మంచిది, అది మంచిది అంటే ఎంత మంచిది, ఎవరికి మంచిది, ఎవరు కొలిచారు అని అడగాలనిపిస్తుంది. ఈ రోజు నేను చెప్పేది కూడా అలా అడిగి, చదివి తెలుసుకున్నదే.

ఈ విషయం మాట్లాడుకోవడానికి హౌరా కన్నా తగిన ఊరు దేశంలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. మన శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌కి మీరందరూ పిల్లల్ని తీసుకెళ్ళే ఉంటారు. పెద్ద మర్రిచెట్టు దగ్గర ఫొటోలు తీయించుకుని, జంతికలు తిని వచ్చేసే వాళ్ళమే ఎక్కువ. 1787లో ఆ తోటకి పునాది వేసింది ఒక సైనికాధికారి, కల్నల్ రాబర్ట్ కిడ్. ఆయన తర్వాత 1793లో ఆ తోట బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోట నుంచి వచ్చినవాడు! కంపెనీ వారి వైద్యుడుగా సామర్లకోటలో ఉంటూ, అక్కడ తోట వేసి, మన కోస్తా మొక్కలన్నీ పరిశీలించి, దేశీయ చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథంలో తెలుగు పేర్లు కనిపిస్తాయి. ఆయన నివసించిన భవనం ఇప్పటికీ ఆ తోటలో ఉంది. జూట్ మిల్లుల్లోకి, బి.ఎన్.ఆర్. రైల్వేలోకి మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు రావడానికి ఎంతో ముందే మన మొక్కల పేర్లు హౌరా చేరాయన్న మాట.

ఇంకో చిన్న సంగతి. ఇప్పుడు నర్సరీల్లో స్నేక్ ప్లాంటు అని రెండొందలు, మూడొందలు పెట్టి కొంటున్నారే, నిలువుగా కత్తుల్లాంటి ఆకులుంటాయి, దానికి దగ్గరి చుట్టం మన దేశంలోనే ఉంది. తెలుగులో చాగ అంటారు. చాగనార అంటే పల్లెటూళ్ళలో పెద్దవాళ్ళకి తెలుసు. ఆ నారతో వింటినారి పేనేవారు. ఇంగ్లీషు వాళ్ళు కూడా దాన్ని వింటి జనపనార అనే అర్థం వచ్చే పేరుతోనే పిలిచారు. శాస్త్రీయ నామంలో రాక్స్‌బర్గ్ పేరే పెట్టారు. మన పూర్వ సైనికుల చేతికి నారి ఇచ్చిన మొక్క ఇప్పుడు డ్రాయింగ్ రూములో పింగాణీ కుండీలో కూర్చుంది. కూర్చోనివ్వండి, తప్పులేదు. అయితే దాని నెత్తిన మనం పెడుతున్న బరువు ఎక్కువైపోయింది.

ఆ బరువు ఏమిటంటే ప్రాణవాయువు. "స్నేక్ ప్లాంటు రాత్రి పూట కూడా ఆక్సిజన్ ఇస్తుంది. తులసి 24 గంటలూ ఇస్తుంది. రావిచెట్టు కింద పడుకుంటే సిలిండరే అక్కర్లేదు." ఫోనుల్లో ఇలాంటి మెసేజిలు మీకూ వచ్చే ఉంటాయి. 2021లో కోవిడ్ రెండో విడతలో సిలిండర్లు దొరక్క కొన్ని చోట్ల జనం నిజంగానే రావిచెట్ల కింద పడుకున్నారని వార్తలొచ్చాయి. పాపం, వాళ్ళని చూసి నవ్వడానికి నాకు మనసొప్పదు. ఊపిరి అందని మనిషి దేన్నయినా పట్టుకుంటాడు.

లెక్క చూద్దాం. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి పావు లీటరు ప్రాణవాయువు కావాలి. గంటకి 15 లీటర్లు, రోజుకి 360 లీటర్లు. మొక్క ప్రాణవాయువు ఇవ్వాలంటే వెలుతురు ఉండాలి, మన చిన్నప్పటి కిరణజన్య సంయోగక్రియ అదే కదా. గదిలో మనకి వెలుగ్గా కనిపించేది మొక్కకి మసక చీకటి. ఎంత ఉదారంగా లెక్కేసినా ఒక్క మనిషికి పదుల చదరపు మీటర్ల ఆకు కావాలి. నాలుగు కుండీల మనీ ప్లాంటు ఇచ్చేది ఏనుగు దాహానికి చూరు నీళ్ళే.

మరి రాత్రి సంగతి? స్నేక్ ప్లాంటు, కలబంద వంటివి రాత్రి ఆకు రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువు పీల్చి దాచుకుంటాయి, ఇది నిజం. ఎడారిలో పగలు రంధ్రాలు తెరిస్తే నీరంతా ఆవిరైపోతుంది గనక అవి నేర్చుకున్న ఉపాయం అది. కానీ పీల్చుకోవడం వేరు, ప్రాణవాయువు వదలడం వేరు. వదలాలంటే మళ్ళీ సూర్యుడు రావలసిందే. చీకట్లో ఏ మొక్కా ప్రాణవాయువు తయారు చెయ్యదు. తులసికి దణ్ణం పెట్టండి, రెండాకులు తీర్థంలో వేసుకోండి, ఆమెను మాత్రం ఆక్సిజన్ సిలిండరు చెయ్యకండి.

దీనికి వ్యతిరేక భయం కూడా ఒకటుంది. రాత్రి గదిలో మొక్క ఉంటే మన గాలి అది పీల్చేస్తుంది, మర్రిచెట్టు కింద పడుకుంటే దయ్యం గుండెల మీద కూర్చుంటుంది అని మా నాయనమ్మ చెప్పేది. అదీ లెక్కకి నిలవదు. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిలో సుమారు 40,000 లీటర్ల గాలి ఉంటుంది. అందులో ప్రాణవాయువు ఎనిమిదిన్నర వేల లీటర్ల దాకా. ఎనిమిది గంటలు నిద్రపోతే మీరు వాడేది 120 లీటర్లు. కుండీలో మొక్క వాడేది అందులో ఏ మూలకీ రాదు. మొక్క కన్నా మీ పక్కన పడుకున్న మనిషి ఎక్కువ గాలి పీలుస్తారు. వారిని బయటికి పంపడం లేదు కదా!

నేవీ సోదరులు ఇక్కడ ఉన్నారు. విశాఖ రామకృష్ణా బీచిలో కుర్సురా సబ్‌మెరీన్‌ని 2002 నుంచి మ్యూజియంగా ఉంచారు. 1969 నుంచి 2001 దాకా సేవ చేసిన నౌక అది. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు లోపలికి దిగి చూడండి. ఆ ఇరుకులో సుమారు 75 మంది రోజుల తరబడి బతికేవారు. మొక్కల వల్ల గాలి బాగుపడేటట్లయితే ముందుగా కుండీలు పెట్టవలసింది సబ్‌మెరీన్‌లోనే. ఒక్క కుండీ కనబడదు. నీటి అడుగున ఉన్నప్పుడు బొగ్గుపులుసు వాయువుని లాగేసే రసాయనాలు, ప్రాణవాయువు ఇచ్చే రసాయనాలు, వీలున్నప్పుడు పైకి వచ్చి గొట్టం ద్వారా బయటి గాలి తెచ్చుకోవడం, సబ్‌మెరీన్‌లో గాలికి మార్గాలు ఇవే. అలాగే లేహ్‌లో నేను రెండు శీతాకాలాలు పనిచేశాను. 3,500 మీటర్ల ఎత్తు, ప్రాణవాయువు ఒత్తిడి మన హౌరాలో ఉన్నదానిలో మూడింట రెండొంతులే. కొత్తగా వచ్చిన జవానుకి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే మేం చేసేది ఆక్సిజన్ పెట్టడం, వీలైనంత త్వరగా కిందికి దింపడం. ప్రాణవాయువు విషయంలో ఫౌజు ఎప్పుడూ మొక్కలని నమ్ముకోలేదు.

"మరి నాసా వాళ్ళే చెప్పారు కదా?" అంటారు. చెప్పారు. 1989లో వోల్వర్టన్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం ఈ ప్రయోగం చేశారు. గాలి చొరబడని పారదర్శక పెట్టెల్లో మొక్కలు పెట్టి, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి ఆవిర్లు వదిలి, ఎంత తగ్గాయో చూశారు. తగ్గాయి. అంతరిక్షంలో మూసి ఉన్న గదుల కోసం చేసిన పని అది, మంచి పనే. కానీ మన ఇల్లు గాలి చొరబడని పెట్టె కాదు. తలుపు కింద సందు, కిటికీ సందు, ఎక్కడ నుంచో గాలి మారుతూనే ఉంటుంది. 2019లో అమెరికాలో కమింగ్స్, వారింగ్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన ఇలాంటి ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి లెక్కగట్టారు. ఇంట్లో మామూలుగా జరిగే గాలి మార్పిడి చేసేంత పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేలింది. నేను ఇందాక చెప్పిన పన్నెండడుగుల గదికి తక్కువలో తక్కువ లెక్క చూసినా 130 కుండీలు. మంచం ఎక్కడ వేసుకుందాం?

ఇంకో వాదన కూడా విన్నాను. "ఆకు తుడిస్తే గుడ్డ నల్లగా అవుతోంది సార్, చూడండి ఎంత దుమ్ము లాగిందో" అని. టీవీ మీద తుడిచినా గుడ్డ నల్లగానే అవుతుంది. టీవీ గాలి శుభ్రం చేస్తోందని ఎవరూ అనరు. కింద పడే దుమ్ము పెద్ద రేణువులది. మనల్ని చంపేది కింద పడని రేణువు.

అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది. హౌరా గాలి సంగతి మీకు చెప్పాలా? కార్తీక మాసం దాటితే ఫౌండ్రీల పొగ, జీటీ రోడ్డు లారీలు, చెత్త తగలబెట్టిన పొగ అన్నీ కలిసి పొద్దున్నే గంగ మీద బూడిదరంగు దుప్పటి పరుచుకుంటుంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హౌరా పేరు ఉంది. ఆ గాలిలో పీఎం 2.5 అనే రేణువులుంటాయి. మీటరులో పది లక్షల వంతు మైక్రాను, అలాంటివి రెండున్నర. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కన్నా కొంచెం అటూ ఇటూ. ముక్కు ఆపలేదు, గొంతు ఆపలేదు. ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా వెళ్ళి, అక్కడ వాపు పుట్టించి, కొంత రక్తంలోకి కూడా చేరుతుంది. రోజు సగటు ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని 15గా పెట్టింది.

ఇది దగ్గు జబ్బు మాత్రమే అనుకుంటాం. కాదు. అమెరికా హార్ట్ అసోసియేషన్ 2004లో ఒకసారి, 2010లో ఇంకా గట్టిగా చెప్పింది. ఈ సన్న రేణువులు గుండెపోటుకీ, గుండె జబ్బు మరణాలకీ ఒక కారణమని. రక్తనాళాలు బిగుసుకోవడం, రక్తం గడ్డకట్టే గుణం పెరగడం, గుండె లయ తప్పడం, ఇవన్నీ ఊపిరితిత్తుల దారిలో గుండెకి చేరే దెబ్బలు. గుండె జబ్బుకి మందులు వాడుతున్నవాళ్ళు పొగమంచు పొద్దుట్లో వాకింగుకి వెళ్ళడం ఎందుకు వద్దంటారో ఇప్పుడు అర్థమైంది కదా.

సరే, బయటి గాలి మన చేతుల్లో లేదు. ఇంటి లోపలిది ఉంది. దోమల చుట్ట ఒక్కటి రాత్రంతా కాలితే వచ్చే సన్న రేణువుల బరువు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో ప్రచురించిన ఒక పరిశోధన కొలిచి చెప్పింది. సిగరెట్టు ముట్టని ఇల్లాలు, చంటిపిల్ల ఆ గదిలోనే పడుకుంటారు. దాని మీద అగరుబత్తి, సాంబ్రాణి, మూసిన వంటగదిలో కాగిన ఆవనూనె పొగ. కిటికీ తీస్తే చలి, కిటికీ తీస్తే దోమ. మూలలో మనీ ప్లాంటు. ఆ మనీ ప్లాంటు ఏం చేస్తుంది పాపం!

ఇప్పుడు ఒక మనిషి గురించి చెబుతాను. ఆయన అనుమతి తీసుకునే చెబుతున్నాను, పేరు చెప్పను. మన సంఘం సభ్యుడే, మాజీ హవల్దారు. రిటైరయ్యాక పదేళ్ళు ఒక ఫౌండ్రీలో సూపర్‌వైజరుగా చేశారు. సీఓపీడీ ఉంది, అంటే ఊపిరితిత్తుల గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు. ఇన్హేలరు రోజూ వాడాలి. మూడేళ్ళ కిందట భార్య పోయారు. ఆవిడ పెంచిన మొక్కలు బాల్కనీలో ఇరవై రెండు కుండీలు ఉండేవి. ఆవిడ పోయిన ఏడాది చలికాలంలో ఆయన ఆ ఇరవై రెండు కుండీలనీ తన పడకగదిలోకి తెచ్చి పెట్టుకున్నారు. చలికి చచ్చిపోతాయేమో అని ఒక భయం. వాటి మధ్య పడుకుంటే నిద్ర పడుతోందని ఒక కారణం. ఇవి ఇంట్లో ఉంటే ఇన్హేలరు అక్కర్లేదని ఒక నర్సరీ అబ్బాయి చెప్పిన మాట ఇంకో కారణం. కిటికీలు మూశారు. రోజూ నీళ్ళు పోశారు. ఇన్హేలరు మానేశారు.

జనవరిలో ఒక రాత్రి ఆయన కొడుకు ఫోను చేస్తే నేను వెళ్ళాను. తలుపు తియ్యగానే తడిమట్టి వాసన. గోడకి నల్లటి బూజు మచ్చలు. మంచం అంచున రెండు చేతులూ ఆనించి ముందుకి వంగి కూర్చున్నారు, మాట మాటకీ మధ్య ఆగుతున్నారు. ఆక్సీమీటరు 84 చూపించింది. ఆస్పత్రిలో తొమ్మిది రోజులున్నారు. తడిమట్టిలో, గోడ చెమ్మలో పెరిగే బూజు రజను బలహీనమైన ఊపిరితిత్తులకి పడదు. ఆస్పర్జిల్లస్ అని ఒక బూజు ఉంది. దాని భయంతోనే అవయవ మార్పిడి చేసిన రోగుల వార్డుల్లోకి మట్టి కుండీలు రానివ్వరు. ఆయనకి దెబ్బ ఇన్హేలరు మానినందువల్ల ఎంత, చలి వల్ల ఎంత, బూజు వల్ల ఎంత అని విడదీసి ఎవరూ చెప్పలేరు. మూడూ కలిశాయి.

ఇంటికి వచ్చాక కుండీలు తీసెయ్యమన్నారు డాక్టరు గారు. ఈయన తియ్యనన్నారు. కొడుకు కేకలేశాడు. ఈయన నాతో ఒక్క మాటే అన్నారు: "బాబూ, ఇవి మొక్కలు కావు. పొద్దున్న లేచి మాట్లాడడానికి నాకున్న మనుషులు ఇవే." ఏం చెప్పను? ఊపిరితిత్తులకి గిట్టనిది గుండెకి కావాలి. మా ఆవిడే దారి చూపించింది. "అన్నయ్య గారూ, వదిన వాటిని ఎక్కడ పెట్టింది? బాల్కనీలోనే కదా. చలికాలం కూడా అక్కడే పెంచింది కదా. ఆవిడ పెట్టిన చోటనే పెడదాం" అంది. ఆయన కాసేపు ఊరుకుని, లేచి మొదటి కుండీ ఆయనే ఎత్తబోయారు. ఎత్తనిస్తామా! నేనూ, ఆ కుర్రాడూ మోశాం.

ఇప్పుడు ఆయన దినచర్య చూడాలి. పొద్దున్న ఇన్హేలరు, తర్వాత టీ, ఎండ వచ్చాక బాల్కనీ. ఒక్కో కుండీ దగ్గర వంగి, ఎండుటాకు గిల్లి, మట్టి తడి వేలితో చూసి, అవసరమైతేనే నీళ్ళు. గంటసేపు పడుతుంది. నేను వారానికోసారి వెళ్ళి బీపీ చూస్తాను. మాత్రలు మార్చలేదు. పై అంకె అప్పుడు 150కి పైన ఉండేది, ఇప్పుడు 130 దరిదాపుల్లో ఉంటోంది. ఒక్క మనిషి లెక్క శాస్త్రం కాదు. భోజనం వేళకి తినడం, మాత్ర మరచిపోకుండా వేసుకోవడం కూడా ఇందులో ఉంటాయి. మొక్కల కోసం లేచిన మనిషి మాత్ర కూడా వేసుకుంటాడు.

శాస్త్రం ఏమంటోందో కూడా చూద్దాం. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన ఒక అమెరికా ఆస్పత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళ పాత రికార్డులు తీశారు. వయసు, జబ్బు సరిపోయేలా 23 జతలు కట్టారు. ప్రతి జతలో ఒకరి మంచానికి కిటికీలోంచి చెట్లు కనబడేవి, రెండోవారికి ఇటుక గోడ. చెట్లు చూసినవాళ్ళు దాదాపు ముప్పావు రోజు ముందే ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ అడిగారు. 2008లో కొరియా ఆస్పత్రిలో అపెండిక్స్ ఆపరేషన్ అయిన 90 మందిలో కొందరి గదుల్లో మొక్కలు పెట్టి చూశారు. మొక్కలున్న గదుల వాళ్ళకి పై బీపీ, నాడి వేగం తక్కువ, నొప్పి, ఆందోళన కూడా తక్కువ. 2015లో అదే దేశంలో 24 మంది కుర్రాళ్ళ చేత ఒకసారి కంప్యూటరు పని, ఒకసారి మొక్కని కుండీ మార్చే పని చేయించారు. మట్టిలో చెయ్యి పెట్టాక కింది బీపీ తగ్గింది, ఒంట్లో ఎప్పుడూ 'స్టాండ్ టు' అంటూ ఉండే నరాల వ్యవస్థ కొంచెం 'ఆరామ్ సే' అయింది. ఇవన్నీ చిన్న పరిశోధనలే, కొద్దిసేపటి ఫలితాలే. బీపీ మాత్ర మానేసి మొక్క కొనుక్కోమని ఏ ఒక్కటీ చెప్పలేదు.

కానీ ఒకటి గమనించండి. ఆ మేలు ముక్కు దారిన రాలేదు. కంటి దారిన, చేతి దారిన వచ్చింది. అందుకే కొని మూల పెట్టిన స్నేక్ ప్లాంటు కన్నా రోజూ మీరు పలకరించే డాబా మీది పచ్చిమిరప మొక్క గుండెకి మేలు. ప్లాస్టిక్ డబ్బాలో వేసినా సరే. మనం సర్వీసులో ముప్పయ్యేళ్ళు విజిల్‌కి లేచాం. రిటైరయ్యాక విజిల్ లేదు, లేవడానికి కారణం లేదు. మనవాళ్ళలో చాలామందికి బీపీ, షుగరు ఆ ఖాళీలోనే పెరగడం నేను చూశాను. మొక్క మీ కోసం ఎదురుచూస్తుంది, నీళ్ళు పొయ్యకపోతే వాడిపోయి చూపిస్తుంది. ఉద్యోగం లాంటిదే, ఏసీఆర్ ఉండదు అంతే.

మన గార్డెన్‌కి 2009లో జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. ఆయన టెలిగ్రాఫ్ ప్లాంటు అనే ఒక మొక్క మీద ఎన్నో ప్రయోగాలు చేశారు. దాని చిన్న ఆకులు గాలి లేకుండానే వాటంతటవి లేస్తూ వాలుతూ ఉంటాయి. ఆ లయను ఆయన జంతువు గుండె కొట్టుకోవడంతో పోల్చి చూశారు. మన గుండెని కుదుటపరిచే మొక్కల్లో ఒకదానికి తనదైన లయ కూడా ఉందన్న మాట. నాకెందుకో ఆ సంగతి చాలా నచ్చింది, అందుకని చెప్పాను.

ఇక జాగ్రత్తలు. అన్నిటికన్నా ముఖ్యమైనది నీళ్ళు. మనీ ప్లాంటు సీసాలో నీళ్ళు, కుండీ కింది పళ్ళెంలో నీళ్ళు, ఇవి డెంగ్యూ దోమకి ప్రసూతి గదులు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికి ఒకసారి కాదు, రెండుసార్లు పారబోసి, లోపలి అంచు రుద్ది కడగాలి. మలేరియాకి దోమ కారణమని 1897లో సికిందరాబాదులో కనిపెట్టి, మరుసటి ఏడాది ఇక్కడ కలకత్తాలో దాన్ని పూర్తి చేసిన రోనాల్డ్ రాస్ కూడా ఫౌజీ డాక్టరే. ఆ ఊళ్ళో ఉంటూ మనమే దోమల్ని పెంచితే బాగుండదు. దోమ పెరిగితే మళ్ళీ చుట్ట వెలిగిస్తారు, ఇందాకటి కథ మళ్ళీ మొదటికొస్తుంది. చుట్ట బదులు దోమతెర కట్టండి. ఫౌజులో కట్టలేదా?

రెండోది విషం. క్వార్టర్ల ఆవరణలో పచ్చగన్నేరు, ఎర్రగన్నేరు ఉంటాయి. పువ్వు దేవుడికి పెట్టండి, కాయ పిల్లల చేతికి అందనివ్వకండి. అందులో గుండె లయను నేరుగా ఆపగలిగే విషం ఉంది. డిజిటాలిస్ అనే గుండె మందు కూడా ఇలాంటి జాతి రసాయనమే, 1785లో విదరింగ్ అనే వైద్యుడు ఒక పూల మొక్క నుంచి దాని వాడకం రాసిపెట్టాడు. మోతాదు డాక్టరు చేతిలో ఉంటే మందు, పెరట్లో పిల్లాడి నోట్లో ఉంటే మరణం. డ్రాయింగ్ రూముల్లో మచ్చల ఆకుల డీఫెన్‌బేకియా ఉంటుంది, అది నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి. పాకే పిల్లలున్న ఇంట్లో వద్దు.

ఉబ్బసం, సీఓపీడీ ఉన్నవాళ్ళు పడకగదిలో మట్టి కుండీలు పెట్టకండి. బాల్కనీ, డాబా, కిటికీ బయట, అక్కడ ఎన్నయినా పెట్టుకోండి. చలికాలంలో కిటికీలు పొద్దున్నే కాదు, ఎండ బాగా ఎక్కాక, పదకొండు నుంచి మూడు దాకా తెరవండి. అప్పుడు పొగ కొంచెం పైకి లేస్తుంది. తాళింపు వేసేటప్పుడు మాత్రం ఏ వేళయినా వంటింటి కిటికీ తెరవాలి, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే వెయ్యాలి. ఇన్హేలరు డాక్టరు మానమంటే తప్ప మానకండి.

కార్యదర్శి గారి ప్రశ్నకి జవాబు ఇంకా బాకీ ఉంది. వదిన గారూ, మొక్కలు ఉంచండి. వాటికి రోజూ నీళ్ళు మాత్రం మా అన్నయ్య గారి చేత పోయించండి, బీపీ ఆయనకి కదా ఉన్నది.

కాఫీ, పకోడీల తర్వాత ఆ పక్క గదిలో బీపీ మిషను, ఆక్సీమీటరు పెట్టుకుని కూర్చుంటాను. కాఫీ తాగాక అరగంట ఆగి రండి, లేకపోతే అంకె ఎక్కువ చూపిస్తుంది. మాత్రల చీటీ ఉన్నవాళ్ళు వెంట తెచ్చుకోండి.

జై హింద్.